ఇంట్లోవాళ్ల ఆఫీసు పనికి తోడుగా బెజవాడ వెళ్లారా? మీరొక్కరే ఊరు చూసి రావడం ఎలా?

మా ఆయనకు అప్పుడప్పుడూ విజయవాడలో ఆఫీసు పని పడుతుంటుంది, వీలు కుదిరినప్పుడల్లా నేనూ బయల్దేరతాను. పొద్దున తొమ్మిదిన్నరకు ఆయన వెళ్లిపోతే సాయంత్రం ఆరున్నర దాకా ఆ టైమంతా నాదే. ఇలా భర్త వెంటో, భార్య వెంటో, ఉద్యోగం చేసే కూతురి వెంటో వచ్చినవాళ్లు చాలామంది హోటల్ గదిలో టీవీ చూస్తూ కూర్చుని, సాయంత్రం అమ్మవారి దర్శనం చేసుకుని రైలెక్కేస్తారు. ఒక్కళ్లమే ఎలా తిరుగుతాం, ఎవరేమనుకుంటారో అన్న బెరుకు. అందుకే ఇది రాస్తున్నాను. బెజవాడ ఒంటరిగా తిరగడానికి చాలా అనువైన ఊరు. చూడాల్సినవి దగ్గర దగ్గరగా ఉంటాయి, బస్సులకు కొదవ లేదు, ఎవరిని దారి అడిగినా ఆగి చెబుతారు. కాకపోతే మన రోజు మన చేతిలో ఉండదు, మీటింగ్ ఎప్పుడు అయిపోతే అప్పుడు మనమూ గదికి చేరాలి. ప్లాన్ అంతా ఆ ఒక్క విషయం చుట్టూ వేసుకోవాలి.

1. ముందు పని ఎక్కడో కనుక్కోండి

"విజయవాడలో మీటింగ్" అంటారు గానీ అది ఊళ్లో ఉండాలనేం లేదు. సచివాలయం వెలగపూడిలో ఉంది, హైకోర్టు నేలపాడులో ఉంది, ఎయిమ్స్ మంగళగిరిలో ఉంది. లారీ బాడీలు, స్పేర్ పార్టుల వ్యాపారమైతే ఆటోనగర్. వెలగపూడిలో పనైతే మీవాళ్లు నది దాటి అవతలికి వెళ్తున్నట్టు, మధ్యలో భోజనానికి గదికి వచ్చే ప్రసక్తి లేదు, మీకు రోజంతా ఖాళీ. అదే పని గవర్నర్‌పేటలో ఉంటే మధ్యాహ్నం ఫోన్ చేసి "భోజనానికి వస్తున్నా" అనొచ్చు, అప్పుడు మీరు కొండపల్లిలో ఉంటే ఇద్దరికీ టెన్షన్. కాబట్టి బయల్దేరే ముందే అడగండి: పని ఎక్కడ, మధ్యాహ్నం వస్తారా రారా, ఏ రోజు త్వరగా అయిపోతుంది.

హోటల్ ఎంచుకునే అవకాశం ఉంటే గాంధీనగర్, గవర్నర్‌పేట, బందరు రోడ్డు చుట్టుపక్కల అడగండి. రైల్వే స్టేషనూ బస్టాండూ దగ్గర, టిఫిన్ హోటళ్లు నడిచి వెళ్లేంత దూరం, బీసెంట్ రోడ్డు పక్కనే. గన్నవరం వైపు ఎయిర్‌పోర్టు దగ్గరి హోటళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ అక్కడ దిగితే ఊళ్లోకి రావడానికే సుమారు 20 కిలోమీటర్లు, మీ సగం రోజు ఆటోలోనే పోతుంది.

2. గది సంగతులు తేల్చుకోండి

ఇవి చిన్న విషయాలే కానీ వీటి దగ్గరే మాట వస్తుంది. గది ఆఫీసు డబ్బుతో బుక్ అయినప్పుడు ఇద్దరు ఉంటున్నారని ముందే చెప్పించండి, రెండో మనిషికి తేడా ఉంటే ఆ డబ్బు మీరు కట్టుకోండి. రిసెప్షన్‌లో మీ ఆధార్ కూడా ఇచ్చి పేరు రాయించుకుంటే, మీరొక్కరే వచ్చి తాళం అడిగినప్పుడు ఎవరూ ఆపరు. ఈ మధ్య చాలా హోటళ్లలో తాళానికి బదులు కార్డు ఇస్తున్నారు కదా, ఆ కార్డు గోడకున్న పెట్టెలో ఉంటేనే గదిలో కరెంటు ఉంటుంది. రెండో కార్డు అడిగి తీసుకోండి, లేకపోతే ఆయన జేబులో కార్డు, మీరు లాబీలో.

గదికి తెప్పించుకున్న కాఫీ, టిఫిన్ బిల్లు ఆఫీసు ఖాతాలో కలవకుండా అప్పటికప్పుడు కట్టేయండి. ఆఫీసు కారు ఖాళీగా ఉన్నా దాంట్లో మీరు తిరగొద్దు. డ్రైవర్‌కు ఇబ్బంది, రేపు ఎవరైనా అడిగితే మీవాళ్లకు ఇబ్బంది. విజయవాడలో ఆటోకు కరువు లేదు.

3. రోజును రెండు ముక్కలు చేయండి, ముక్కకు ఒక్క చోటే

నా లెక్క ఇది: పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఎండ తగ్గాక ఒకటి. అంతకు మించి పెట్టుకోవద్దు. ఎండాకాలంలో, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా, పదకొండు నుంచి నాలుగు వరకు బయట తిరగడం మొండితనమే అవుతుంది. ఆ వేళలో మ్యూజియమో, లైబ్రరీయో, గదిలో నిద్రో.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్తాను. ఏది ఒంటరిగా చూడాలో, ఏది సాయంత్రానికి ఉంచాలో ముందే విడదీయండి. రాతి శిల్పాలు, పాత పుస్తకాలు, బొమ్మలు చెక్కేవాళ్ల ముందు గంటసేపు కూర్చోవడం, ఇవి నిదానం కావాల్సినవి. ఇంటిల్లిపాదితో వెళ్తే "పద పద" అనేవాళ్లు ఒకరైనా ఉంటారు, కాబట్టి అవి మీ సొంతం. దుర్గమ్మ దర్శనం, బోటు షికారు మీవాళ్లూ ఆశపడేవి. పని ఒత్తిడిలో ఉన్న మనిషి గదికి వచ్చేసరికి "నేను అన్నీ చూసేశాను" అంటే ఎంత చిన్నబుచ్చుకుంటారో ఆలోచించండి.

4. పొద్దున్నే బ్యారేజీ, అటు నుంచి ఉండవల్లి

ఆరింటికి లేవగలిగితే ప్రకాశం బ్యారేజీ మీద నడవండి. పొడవు 1,223 మీటర్ల పైచిలుకు, 70 గేట్లు. భారీ వాహనాలను పోనివ్వరు కాబట్టి నడక కాస్త నయం, అయినా స్కూటర్లు, ఆటోలు వస్తూనే ఉంటాయి, ఫుట్‌పాత్ వదలొద్దు. ఒక పక్క ఇంద్రకీలాద్రి, కింది వైపు రైలు బ్రిడ్జి, ఎదురుగా సీతానగరం కొండ. ఇక్కడ మొదటి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాదాపు వందేళ్లు నిలిచి 1952లో గండి పడింది. ఇప్పుడు మనం నడిచే బ్యారేజీ 1957లో పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఊళ్లో మీకు ఎదురయ్యే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ అన్నిటికీ నీళ్లు ఇక్కడి నుంచే. కృష్ణా డెల్టాలో వరి పండుతున్నదంటే ఈ గేట్ల వల్లే, అందుకే దీన్ని ఫొటో దిగి వచ్చేసే చోటుగా చూడటం నాకు నచ్చదు. 2024 సెప్టెంబరు వరదల్లో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు ఈ గేట్ల కిందుగా పోయాయి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు గుద్దుకున్నాయి. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉన్న నీటిని చూస్తూ ఆ సంగతి గుర్తు చేసుకుంటే నది మీద గౌరవం పెరుగుతుంది.

అవతలి ఒడ్డు చేరాక ఆటో ఎక్కితే ఉండవల్లి గుహలు దగ్గరే. బస్టాండ్ నుంచి నేరుగా బస్సులో కూడా వెళ్లొచ్చు. కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా చేసిన గుహాలయం ఇది, క్రీస్తుశకం 4-5 శతాబ్దాల నాటిదని, విష్ణుకుండిన రాజుల కాలం నాటిదని చెబుతారు. కేంద్ర పురావస్తు శాఖ వాళ్ల చిన్న టికెట్టు ఉంటుంది. చాలామంది గబగబా మెట్లెక్కి, పడుకున్న స్వామికి దండం పెట్టి, ఇరవై నిమిషాల్లో దిగిపోతారు. మీరు అలా చేయకండి. కింది అంతస్తులో పని మధ్యలో ఆపేసిన స్తంభాలు చూడండి, ఉలి దెబ్బలు ఇంకా తెలుస్తాయి. పైకెక్కాక అనంతపద్మనాభస్వామి ఉన్న గదిలో వెలుతురు తక్కువ. గుమ్మం దగ్గరే ఒక నిమిషం ఆగితే కళ్లు అలవాటు పడతాయి, అప్పుడు ముందు రాతిగోడలాగా అనిపించిందల్లా పాదాలు, మోకాళ్లు, కిరీటం, పైన పడగలుగా విడిపోయి కనిపిస్తుంది. ఐదు మీటర్లకు పైగా పొడవున్న విగ్రహం, కొండలోనే చెక్కింది, ఎక్కణ్నుంచో తెచ్చి పెట్టింది కాదు. బయట వరండా అంచున కూర్చున్న మునులు, సింహాల బొమ్మలు ఉన్నాయి, వాటి పక్కన నిలబడి కింద పొలాల వైపు చూస్తుంటే దిగబుద్ధి కాదు. తినేవి చేతిలో కనపడనివ్వొద్దు, కోతులుంటాయి. పదకొండు లోపు కిందికి దిగి గదికి చేరిపోండి.

గుహలంటే ఇష్టమైతే ఊళ్లోనే ఇంకా ఉన్నాయి. ఇంద్రకీలాద్రి కిందున్న అక్కన్న మాదన్న గుహలకు గోల్కొండ తానీషా మంత్రుల పేరు వచ్చింది గానీ గుహలు వాళ్లకన్నా చాలా పాతవి. మొగల్రాజపురం గుహలు ఇళ్ల మధ్యలో ఉన్నాయి, బాగా అరిగిపోయాయి. ఉండవల్లి చూశాక ఓపిక ఉంటేనే.

5. ఎండ వేళకు నీడ వెతుక్కోండి

బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ఉంది. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల గుర్తుగా పునాది వేసిన భవనం, పాతవాళ్లు ఇప్పటికీ విక్టోరియా మ్యూజియం అనే అంటారు. లోపల అల్లూరు నుంచి తెచ్చిన తెల్లటి సున్నపురాతి బుద్ధుడు ఉన్నాడు, నిలువెత్తు విగ్రహం, దాని కోసమే వెళ్లినా నష్టం లేదు. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు బెజవాడలో జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీజీకి ఇచ్చింది ఈ ఊళ్లోనే. పిల్లల్ని వెంట తెచ్చుకున్నవాళ్లు ఈ సంగతి చెప్పి లోపలికి తీసుకెళ్లండి. వారానికో సెలవు ఉంటుంది, వెళ్లే ముందు హోటల్ వాళ్లను అడగండి.

అదే రోడ్డు మీద స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం ఉంది, 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, 2024 జనవరిలో ఆవిష్కరించారు. ఎండ తగ్గాక వెళ్లండి.

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం నా సలహా వేరు. మధ్యాహ్నాన్ని ఏలూరు రోడ్డుకు రాసిచ్చేయండి. విశాలాంధ్ర లాంటి దుకాణాల్లో కొత్త పుస్తకాలు చూసుకుని, లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల ముందు నిలబడితే టైము తెలీదు. పోటీ పరీక్షల గైడ్ల దొంతర కింద ఎప్పటిదో కథల పుస్తకం దొరుకుతుంది, ఎవరో ఎవరికో పెళ్లిరోజు కానుకగా ఇచ్చినట్టు మొదటి పేజీలో సిరాతో రాసి ఉంటుంది. ఫలానా రచయిత కావాలని అడిగితే షాపాయన లోపల్నుంచి నాలుగు తీసి ఇస్తాడు, కాబట్టి అడగండి, మొహమాటపడొద్దు. ఈ ఊరికి చదువరుల ఊరని పేరు ఊరికే రాలేదు. అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో రామమోహన గ్రంథాలయం 1911లోనే ఇక్కడ పుట్టింది, ఆంధ్రదేశంలో గ్రంథాలయ ఉద్యమానికి ఊపు ఇచ్చింది ఇక్కడివాళ్లే. జనవరి మొదట్లో మీవాళ్లకు పని పడితే పుస్తక మహోత్సవం కూడా కలిసొస్తుంది.

6. ఒక పూట పూర్తిగా కొండపల్లికి

నన్నడిగితే, ఒక్కటే పూట ఉంది అంటే కొండపల్లి వెళ్లమంటాను. ఊరికి సుమారు 20 కిలోమీటర్లు, బస్టాండ్ నుంచి బస్సులున్నాయి. దిగాక బొమ్మల కాలనీ అని అడిగితే చాలు. షాపుల్లో కొనుక్కుని వచ్చేస్తే అసలు సంగతి చూడనట్టే. ఇంటి ముందు అరుగు మీదో, చావడిలోనో పని చేస్తున్నవాళ్లు కనిపిస్తే "కాసేపు చూడొచ్చా అండీ" అని అడగండి. నేను అడిగినప్పుడు ఎవరూ కాదనలేదు, ఓ పెద్దావిడ పీట కూడా వేసింది.

కర్ర పేరు తెల్లపొనికి. చేతిలోకి తీసుకుంటే కర్రేనా అన్నంత తేలిక. తడి పోయేలా బాగా ఆరబెట్టి చెక్కుతారు. బొమ్మ మొత్తం ఒకే ముక్కలో రాదు. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు, దాన్ని మక్కు అంటారు. ఆవిడ వేలి కొసతో ఎద్దు మెడకు మక్కు రాసి, కొమ్ము అతికి, ఊపిరి బిగబట్టినట్టు ఓ క్షణం పట్టుకుని వదిలేసింది. అది ఆరాక ఆకురాయితో నున్న చేసి, సున్నం పూత వేసి, ఆ తర్వాత రంగులు. చిన్న బొమ్మ కళ్లు గీసేటప్పుడు కుంచె కొసన రెండు మూడు వెంట్రుకలే తగులుతున్నాయా అనిపిస్తుంది. ఇది చూశాక బేరం ఆడబుద్ధి కాదు, ఆడకండి కూడా. ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏదైనా చేసినవాళ్ల చేతి నుంచే కొనండి. తాడిచెట్టు ఆకులు, ఎద్దు కొమ్ములు ప్రయాణంలో విరుగుతాయి, చీర మడతల్లో చుట్టి సూట్‌కేసు మధ్యలో పెట్టుకోవాలి.

కొండ మీద కోట కూడా ఉంది, 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టింది. ఒంటరిగా వెళ్లేవాళ్లు నడిచి ఎక్కొద్దు. ఆటో రాకపోకలకు మాట్లాడుకుని, జనం ఉండే వేళ వెళ్లండి, లేదంటే ఆదివారం మీవాళ్లతో కలిసి వెళ్లండి.

7. సాయంత్రం ఇద్దరూ కలిసి

దుర్గమ్మ గుడికి శుక్ర, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ, మీవాళ్ల పని మంగళ, బుధవారాల్లో ఉంటే అదే మంచిది. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, సంప్రదాయ దుస్తులు వేసుకోవాలి. ఆయన ఆఫీసు నుంచి నేరుగా వస్తే పంచె, మీకు కావాల్సినవి మీరే సంచిలో పెట్టుకెళ్లండి. పొద్దునపూట మీరు చేయగలిగిన మేలు ఏమిటంటే దారి, లిఫ్టు, చెప్పుల స్టాండు, ఫోన్ కౌంటర్ ఎక్కడున్నాయో చూసిపెట్టుకోవడం. అలసిపోయి వచ్చినవాళ్లను వెతుకులాటతో తిప్పనక్కర్లేదు. దసరా రోజుల్లో, ముఖ్యంగా అమ్మవారికి సరస్వతీ అలంకారం చేసే మూలా నక్షత్రం నాడు, ఊరంతా జనమే. ఆ వారం ఆఫీసు పని పడితే దర్శనం సంగతి ముందే ఆలోచించుకోండి.

భవానీ ద్వీపం నది మధ్యలో సుమారు 130 ఎకరాల్లో ఉంటుంది. బెర్మ్ పార్క్ దగ్గర టూరిజం బోటు ఎక్కాలి, చీకటి పడేలోపే తిరిగి వచ్చేయాలి కాబట్టి పని త్వరగా అయిపోయే రోజుకు ఉంచండి. నదికి వరద ఉంటే బోట్లు ఆపేస్తారు.

8. తిరగడం, తినడం

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. కాకపోతే ఇక్కడి చిరునామా ఉన్న ఆధార్ లాంటి కార్డు చూపించాలి, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు డబ్బులిచ్చి కొనుక్కోవాల్సిందే. ఆటో అయితే ఎక్కే ముందే మాట్లాడుకోండి, యాప్‌లో రేటు చూసి అడిగితే వాదన ఉండదు. షేర్ ఆటోల్లో తిరగడం తేలికే గానీ సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుంటారు.

టిఫిన్‌కు గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ, మీద వెన్న ముద్ద. మధ్యాహ్నం ఏదైనా మెస్‌లో మీల్స్. ఒక్కరే వెళ్తే నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఎవరి పక్కనో కూర్చోబెడతారు, ఇక్కడ అది మామూలే, సర్దుకుని కూర్చోండి. వేడన్నంలో ముందు కందిపొడి, నెయ్యి, తర్వాత గోంగూర, ఉలవచారు ఉంటే వదలొద్దు. సాయంత్రం నాలుగైదింటికి బండి మీద పునుగులు. కడుపు నిండా తిని ఎండలో నడవకండి, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి.

వాట్సాప్‌లో లొకేషన్ పంపి వదిలేయండి, గంటకోసారి ఫోన్ చేయొద్దు. మీటింగ్‌లో ఉన్న మనిషి ఫోన్ మోగితే ఏమైందోనని కంగారు పడతారు. "గుహలు చూశాను, గదికి వెళ్తున్నా" అని మెసేజ్ చాలు. అత్యవసరమైతే 112.

9. రోజంతా ఖాళీ దొరికితే

అమరావతి గానీ, మంగళగిరి గానీ, రెండూ వద్దు. అమరావతిలో అమరేశ్వరుడి గుడి పంచారామాల్లో ఒకటి, శివలింగం ఎంత ఎత్తంటే పై అంతస్తుకెక్కి అభిషేకం చేస్తారు. మహాచైత్యం అనే పెద్ద బౌద్ధ స్తూపం శిథిలాలు చూడండి, 1797లో బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ ఇక్కడికి వచ్చిన తర్వాత వెలుగులోకి వచ్చిన శిల్పాల్లో చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాలకు వెళ్లిపోయాయి, మిగిలినవి ఇక్కడి మ్యూజియంలో ఉన్నాయి. శుక్రవారం దానికి సెలవు.

మంగళగిరైతే ముందు కొండ మీది పానకాల స్వామి, ఎందుకంటే మధ్యాహ్నం మూడు దాటాక పై గుడి మూసేస్తారు. మీరిచ్చిన పానకంలో సగం స్వామి తాగి సగం ప్రసాదంగా ఇస్తాడని నమ్మకం. కింద గుడి గాలిగోపురం 11 అంతస్తులు, 153 అడుగులు, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించింది. ఆ తర్వాత మగ్గాల వీధుల్లో నడవండి, గోతిలో కాళ్లు పెట్టి నేసేవాళ్లు ఇంకా ఉన్నారు. నిజాం అంచు చీర కొనేటప్పుడు వెలుతురులోకి తెచ్చి చూడండి. మీవాళ్ల పని ఎయిమ్స్‌లోనో అక్కడి ఆఫీసుల్లోనో అయితే తిరిగి వచ్చేటప్పుడు కలిసే రావచ్చు.

10. చివరి రోజు

మీవాళ్ల పని సాయంత్రం దాకా ఉంటుంది, గది మాత్రం మధ్యాహ్నమే ఖాళీ చేయమంటారు. అలాంటప్పుడు సామాను రిసెప్షన్‌లో పెట్టి చీటీ తీసుకోండి, ఛార్జర్లు, బాత్రూంలో తువ్వాళ్లు, బీరువాలో ఆయన చొక్కా అన్నీ చూసుకోవాల్సింది ఆ రోజు మీరే. ఆ పూట దూరం పెట్టుకోవద్దు, బీసెంట్ రోడ్డు చాలు. ఇంటికి పచ్చళ్లు, పొడులు కొంటే మూత చుట్టూ టేపు వేయించండి. రైలుకైతే గంట ముందు స్టేషన్‌కు చేరండి. పది ప్లాట్‌ఫారాలున్న జంక్షన్ అది, రెండు వైపుల నుంచీ లోపలికి రావొచ్చు. ఆయన తారాపేట వైపు దిగి, మీరు గాంధీనగర్ వైపు నిలబడితే సామానుతో వంతెన ఎక్కి దిగాలి, కాబట్టి ఏ గేటు దగ్గర కలుస్తారో పొద్దునే చెప్పుకోండి.